ఐదో గంటలో వెలుగు

"స్నానాలగదిలో లైటు పొద్దున్నుంచీ వెలుగుతూనే ఉంది," భర్త మూడోసారి అందుకున్నాడు.

"నేను కాదు, మీ అమ్మాయి," అంది ఆమె, తల దువ్వుకుంటూ.

"నేనింకా పళ్లే తోముకోలేదు!" అంది కూతురు.

"అయితే దెయ్యాలు వేసుంటాయిలే," అంది అత్తగారు, పెట్టెలో తువ్వాళ్లు సర్దుతూ. రేపు శుక్రవారం నలుగురూ సముద్రం చూడ్డానికి వెళ్లాలి. మూడేళ్లుగా వాయిదా పడుతున్న ప్రయాణం.

"లైటు వేసిన సంగతే గుర్తుండదు నీకు. అదీ నీతో వచ్చిన చిక్కు," అన్నాడు భర్త.

ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది.

ఆమె పనిచేసేది పచ్చనాచు పెంచే ప్రయోగశాలలో. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి ఇస్తూ పోతే ఆ కణాలన్నీ ఒకే దారిన పడతాయి: వెలుగులో ఎదుగుతాయి, చీకట్లో చీలి పిల్లలవుతాయి. సంసారం ఉన్నదానికి రాత్రంతా మేలుకోవడం కుదరదని ఆమె టైమరు తిరగేసి, పగటినే వాటికి రాత్రి చేసింది. రెండు గంటలకోసారి, వాటికి వెలుగుగా తోచని మసక పచ్చదీపం కింద కాస్త నాచు తీసి, కణాలు ఆర్‌ఎన్‌ఏని ఎంత జోరుగా తయారుచేస్తున్నాయో కొలవాలి. చీకట్లో ఆ జోరు తగ్గాలి. నిన్న చీకటి మొదలైన ఆరో గంటలో మాత్రం గ్రాఫులో గీత నిటారుగా లేచింది. ప్రొఫెసరుగారు గంతేసినంత పని చేశారు. "ఇంతవరకూ ఎవరూ చూడనిదమ్మా ఇది! సోమవారం పంపే వ్యాసానికి ఇదే తలమానికం."

అప్పటినుంచీ ఆమెకు ఒంటిమీద చీమలు పాకుతున్నట్టే ఉంది. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఐదో గంటలో, తర్వాతి కొలతకి గొట్టాలు సిద్ధం చేస్తుంటే ఒకదాని మూత కింద పడింది. అలవాటుకొద్దీ చెయ్యి గోడమీదికి పోయింది. ట్యూబులైటు. ఒక్క నిమిషం. మూత దొరికింది, లైటు తీసేసింది, మరిచిపోయింది. ఆ నాచు మాత్రం మరవలేదు.

ఎవరూ చూడలేదు. నోట్సులో రాయలేదు. నోరు మూసుకుంటే వ్యాసమూ ఉంటుంది, సముద్రమూ ఉంటుంది. మళ్లీ చేయాలంటే కణాలన్నిటినీ దారిలో పెట్టడానికే మూడు రోజులు. శుక్రవారం పోతుంది, సోమవారమూ పోతుంది.

ఆమె వంటింటి దాకా వెళ్లింది, నీళ్లు తాగకుండానే తిరిగొచ్చింది. మళ్లీ వెళ్లింది.

"ఏమిటే ఆ కాలుగాలిన పిల్లి తిరుగుడు?" అంది అత్తగారు. "నీ తువ్వాలు ఏదీ, ఇలా పడెయ్."

ఆమె స్నానాలగదిలో లైటు తీసేసి వచ్చి, పెట్టె పక్కన నిలబడింది.

"నా తువ్వాలు పెట్టకండి అత్తయ్యా," అంది మెల్లగా. ముగ్గురూ తలెత్తారు. "నిన్నటి పనిలో నేను పొరపాటు చేశాను. ఇవాళే సారుకి చెప్పేస్తాను. మళ్లీ మొదటినుంచీ చేస్తాను. రేపు మీరు ముగ్గురూ వెళ్లిరండి."