పైకప్పు కింద పని

మా మునిసిపల్ ఆఫీసు ఎదురుగా ఉన్న ప్రింటింగ్ కొట్టు నాది. పేరు ఫెలిసిటాస్, ఊరంతా ఫేలి అంటారు. ఇరవై రెండేళ్లుగా ఈ ఊరివాళ్ల ఉద్యోగాలన్నీ నా చేతి మీదుగానే వచ్చాయని చెప్పుకుంటాను, కాదన్నవాళ్లు ఇంతవరకూ ఎదురుపడలేదు. ఫొటో, బయోడేటా, పొడుగు ఫోల్డరు, గోధుమరంగు కవరు, అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. ఫొటోలో కోటు కావాలంటే కంప్యూటర్లో ఒక నీలం కోటు ఉంది, మొహం కింద అతికిస్తాను. ఆ కోటు ఇప్పటికి సగం ఊరు వేసుకుంది. సెక్యూరిటీ గార్డుకీ అదే, నర్సుకీ అదే.

బయోడేటాలో ‘ఆశయం’ అని ఒక గడి ఉంటుంది. అక్కడ పెట్టడానికి నా దగ్గర ఒక వాక్యం సిద్ధంగా ఉంటుంది: ‘పేరుపొందిన సంస్థలో చేరి, నా నైపుణ్యాలను వినియోగించి, సంస్థతో పాటు నేనూ అభివృద్ధి చెందగలను.’ ఎక్కడినుంచి ఎత్తుకొచ్చానో గుర్తులేదు గానీ చాలాకాలంగా అది నా సొంతం. చదువుతుంటే నోరు నిండుగా ఉంటుంది. ఇది లేకుండా నా కొట్టునుంచి ఒక్క కాగితం కూడా బయటికి పోలేదు.

ఇంకో సంగతి. మా ఊళ్లో ఇంటిపేర్లన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయి. స్పెయిన్ దొరలు మా దీవుల్ని ఏలిన కాలంలో ఊరికో అక్షరం పంచిపెట్టారట, మా వాటాకి ‘ట’ వచ్చింది. టోరెఫియెల్, టబియోలో, టోనోగ్బానువా, ఎటు చూసినా ఇవే. అందుకని ఒక టోరెఫియెల్ వస్తే మొదటినుంచీ టైపు చెయ్యను. పాత టోరెఫియెల్ ఫైలు తెరిచి పేరు, పుట్టిన తేదీ మారుస్తాను. వార్డు అదే, చర్చి అదే, చాలాసార్లు తాతగారు కూడా ఒక్కరే. సగం పని కలిసొస్తుంది. ఇందులో తప్పేముందని మొన్న జూన్ దాకా అనుకునేదాన్ని.

ఆ జూన్‌లో, వానలు అప్పుడే మొదలైన ఒక మంగళవారం, పానింగ్ వచ్చింది. అసలు పేరు ఎపిఫానియా టోరెఫియెల్. కొండ అవతలి ఊరినుంచి కోడలిగా వచ్చింది కాబట్టి ‘ట’ ఆమెకి మొగుడితో వచ్చిన ఆస్తి. నలభై ఆరేళ్ల మనిషి, నోట్లో నాలుక లేని రకం. పదకొండు ఇళ్లకి బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తుంది. మొగుడు చేపల పడవ మీద పోతాడు. వానాకాలం వచ్చిందంటే పడవ కదలదు, బట్టలు ఆరవు, ఇద్దరికీ ఒకేసారి పని ఆగిపోతుంది. ఇలోయిలో పట్నంలో కొత్తగా తెరిచిన ఆసుపత్రిలో బట్టలు ఉతికే విభాగానికి మనుషులు కావాలని చర్చి దగ్గర కాగితం అంటించారు. వయసు యాభై లోపు ఉంటే చాలు. మర్నాడే ఆఖరు తేదీ. పానింగ్‌కి ఆ వయసులో మళ్లీ అలాంటిది దొరకదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

కూర్చోబెట్టి ఫొటో తీశాను, కోటు అతికించాను. ఆమె తెర మీద తన మొహం చూసుకోలేదు, కోటు చూసింది.

“అక్కా, ఈ కాలరు ఇస్త్రీ సరిగ్గా చెయ్యలేదు. వెనకనుంచి తిప్పి చెయ్యాలి,” అంది.

ఆ కోటుకి పదేళ్లుగా ఎవరూ వంక పెట్టలేదు. నాకు కాస్త రోషం వచ్చింది. ఉద్యోగం కాలరు చూసి ఇవ్వరులే అని, పాత ఫైలు ఒకటి తెరిచాను. అది రెండేళ్ల కిందటి మరిక్రిస్ టోరెఫియెల్‌ది. ఎక్కడైనా ఉద్యోగం చేశావా అని అడిగితే, లేదక్కా ఇళ్లల్లో ఉతుకుతాను అంది. దాన్ని అనుభవం అనరని చెప్పి ఆ గడిలో ‘లేదు’ అని కొట్టాను. ఆమె తలూపింది. నేను టైపు చేస్తున్నంతసేపూ గుమ్మం వైపే చూస్తూ ఉంది. మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లి ఆకాశం చూసొచ్చింది. తీగ మీద ఎవరివో దుప్పట్లు ఆరేసి వచ్చిందట.

మన గురించి మంచిమాట చెప్పే ముగ్గురి పేర్లు చివరి పేజీలో రాయాలి. మా దగ్గర ఈ ముగ్గురినీ ముందుగా అడిగే అలవాటు లేదు. ఊళ్లో పెద్ద పేరున్నవాళ్లని చూసుకుని రాసేస్తాం, వాళ్లకి తెలిసేది ఎవరైనా ఫోన్ చేసినప్పుడే. పానింగ్ మాత్రం తను ఉతికే ఇళ్లలో ముగ్గురమ్మలని అడిగి, వాళ్ల నంబర్లు చీటీ మీద రాయించుకుని తెచ్చింది. ఆ చీటీ నా కీబోర్డు పక్కనే పెట్టాను. అంతలో ఉరిమింది. ఆమె దుప్పట్లకోసం పరుగెత్తింది. కాలేజీ పిల్లలు పదిమంది జిరాక్సులకని మీద పడ్డారు. నేను ప్రింటు తీసి, కవర్లో పెట్టి, సాయంత్రం ఆమె వస్తే ఇచ్చేశాను. ఆమె దాన్ని తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, బుధవారం పొద్దున్నే ఆసుపత్రిలో ఇచ్చి వచ్చింది.

గురువారం తొమ్మిదింటికి మా కొట్టు ముందు ఒక ఆటో ఆగింది. మేడమ్ టబియోలో దిగింది. మా ఊరి బడికి ప్రిన్సిపల్‌గా చేసి రిటైరైన మనిషి, డెబ్భై నాలుగేళ్లు. నాకు ఆరో తరగతిలో పాఠం చెప్పింది. ఆవిడ గొడుగు మూసేలోపే నేను లేచి నిలబడ్డాను.

“ఎపిఫానియా టోరెఫియెల్ ఎవరు?” అంది.

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి కీబోర్డు పక్కకి పోయింది. పానింగ్ చీటీ అక్కడే ఉంది. మరిక్రిస్ రాయించుకున్న ముగ్గురి పేర్లూ అలాగే వెళ్లిపోయాయి. అందులో మొదటిది మేడమ్‌దే.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పాను. ఆవిడ అంతా విని, “ఆరో తరగతిలో కూడా నువ్వు పక్కదాని కాగితంలో చూసే రాసేదానివి,” అంది. ఆసుపత్రినుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసిందట. అనుభవం లేదని రాసి ఉంది గానీ ప్రిన్సిపల్ గారి పేరుంది కదా అని అడుగుతున్నామందట.

“తెలియదంటే ఆ మనిషి అబద్ధాలకోరు అవుతుంది. తెలుసంటే నేనవుతాను. ముప్ఫై నాలుగేళ్లు బళ్లో ఉండి చెయ్యని పని ఇప్పుడు చెయ్యలేను. రేపు పదింటికి మళ్లీ చెయ్యమన్నాను. ఈలోపు ఆవిణ్ణి నాకు చూపించు,” అంది.

ఒక్కరోజులో ఏం తెలుస్తుంది మేడమ్ అని అడగబోయి నోరు మూసుకున్నాను. పానింగ్‌ని వెతుక్కుంటూ వెళ్లాను. జరిగింది చెబితే ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ, “అయితే పోయినట్టేనా అక్కా?” అని మాత్రం అంది. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది.

మేడమ్ ఇంట్లో మాకు కాఫీ ఇవ్వలేదు. ఆవిడ బీరువాలోంచి పోయిన భర్తగారి చొక్కా ఒకటి తీసి బల్ల మీద పరిచింది. అనాస నారతో నేసింది, ఛాతీ మీద కుట్టుపని, పట్టుకుంటే అవతల చెయ్యి కనబడేంత పల్చన. ఏళ్ల తరబడి మడతలో ఉండి పసుపెక్కింది. గుండె దగ్గర తుప్పు మరక ఒకటి, బఠాణీ గింజంత. ఉద్యోగంలో ఇచ్చిన సర్వీసు పిన్ను ఆయన పెట్టుకున్న చోటట. ఇలోయిలోలో రెండు లాండ్రీలు ఆ మరక పోగొడతామని తీసుకున్నాయి, రెండూ అలాగే తిరిగిచ్చాయి. దీన్ని తెల్లగా చెయ్యగలవా, ఆ మరక తియ్యగలవా అని మేడమ్ అడిగింది.

పానింగ్ చొక్కాని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది. నేను మనసులో, తీస్తానని చెప్పవే తల్లీ, తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం అని మొక్కుతున్నాను.

“పసుపు పోతుంది మేడమ్. మరక పోదు,” అంది పానింగ్. “నిమ్మకాయ, ఉప్పు వేసి ఎండలో పెడితే మరకైతే పోతుంది గానీ దాంతోపాటు నారా పోతుంది. అక్కడ చిల్లు పడుతుంది. తీస్తానని చెప్పినవాళ్లు దీన్ని వెలుతురులో చూసి ఉండరు. నన్నడిగితే దాన్నలా వదిలెయ్యండి. అయ్యగారు పిన్ను పెట్టుకున్న గుర్తే కదా.”

మేడమ్ కానిమ్మని చెయ్యి ఊపింది. పానింగ్ చొక్కాని బియ్యం కడుగులో నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి తడి తీసి, కాస్త తేమ ఉండగానే లోపలివైపునుంచి ఇస్త్రీ చేసింది. కాలరు వెనకనుంచి తిప్పి చేసింది. మధ్యాహ్నం మూడయింది. బల్ల మీద పెట్టిన ఆ చొక్కా ఇప్పుడే ఎవరో వేసుకోబోతున్నట్టు ఉంది. మేడమ్ మరక మీద వేలు పెట్టి కొంచెంసేపు అలాగే నిలబడింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి మాకు కాఫీ, అరిటాకులో కాల్చిన బియ్యప్పిండి రొట్టె తెచ్చింది. తింటూ పానింగ్‌ని ఏవేవో అడిగింది, ఎన్ని ఇళ్లు, ఎన్నేళ్లు, ఎప్పుడైనా గుడ్డ కాల్చావా అని. పానింగ్ ఒక్కొక్కదానికీ ఒక్క ముక్కలో జవాబు చెప్పింది. పాస్ అయ్యిందో తప్పిందో మేడమ్ మొహంలో కనబడలేదు. ఆవిడ మొహంలో ఎప్పుడూ ఏదీ కనబడేది కాదు.

మర్నాడు పదింటికి ఇద్దరం అక్కడే ఉన్నాం. ఫోన్ మోగింది. మేడమ్ స్పీకరు పెట్టింది. ఈ దరఖాస్తుదారు మీకు ఎంతకాలంగా తెలుసు అని ఆసుపత్రి అమ్మాయి అడిగింది.

“నిన్నటినుంచి,” అంది మేడమ్.

పానింగ్ కళ్లు మూసుకుంది. మరి మీ పేరు ఎలా వచ్చిందండీ అని ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. అది టైపు చేసినావిడ పొరపాటు, ఆవిడ ఇక్కడే ఉంది అని మేడమ్ ఫోన్ నా చేతిలో పెట్టింది. ఇరవై రెండేళ్ల నా పరువంతా ఆ రెండు నిమిషాల్లో కొట్టుకుపోయింది. పేర్లు నేనే మార్చలేదనీ, అనుభవం లేదని రాసింది కూడా నేనేననీ, ఆమె తెచ్చిన చీటీ నా దగ్గరే ఉండిపోయిందనీ చెప్పాను. అవతల ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటున్నట్టు వినబడింది. మేడమ్ ఫోన్ వెనక్కి తీసుకుంది.

“చూడమ్మా, నేను కొన్ని వందలమందికి సిఫార్సులు రాశాను. అందరూ మంచివాళ్లని రాశాను, నిజానికి సగంమంది సంగతి నాకేమీ తెలియదు. ఈమె గురించి నాకు రెండు సంగతులు తెలుసు. పని వచ్చు. చెయ్యలేనిదాన్ని చేస్తానని చెప్పదు, ఉద్యోగం పోతుందని భయపడుతున్నప్పుడు కూడా చెప్పలేదు. ఆసుపత్రికి ఇంతకంటే ఏం కావాలో నాకు తెలియదు,” అంది.

సాయంత్రం అయిదులోపు సరైన బయోడేటా పంపితే పైవాళ్లకి చూపిస్తానని ఆ అమ్మాయి అంది.

మేడమ్ ఎర్ర పెన్ను తీసుకుని నా కొట్టుకి వచ్చి నా కుర్చీలోనే కూర్చుంది. అనుభవం దగ్గర ‘లేదు’ కొట్టేసి, ‘పందొమ్మిదేళ్లు, పదకొండు ఇళ్లు, ఒక్క గుడ్డా కాల్చలేదు’ అని రాసింది. ముగ్గురమ్మల పేర్లు చీటీ చూసి తనే చెప్పింది. నాలుగోది తన పేరు. తర్వాత నా ఆశయం వాక్యం దగ్గరికొచ్చింది. పైకి చదివింది. రెండోసారి చదివింది.

“దీనికి అర్థమేమిటి ఫేలీ?”

నాకు తెలియదు. ఇరవై రెండేళ్లుగా తెలియదు. మేడమ్ దాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా కొట్టేసి, పానింగ్ వైపు తిరిగి, నీకేం కావాలి అని అడిగింది. పానింగ్ గుమ్మంలోంచి ఆకాశం చూసింది, అలవాటు.

“పైకప్పు కింద పని కావాలి మేడమ్. వాన పడినా ఆగని పని,” అంది.

“అదే కొట్టు,” అని మేడమ్ నాతో అంది. అక్షరం మార్చకుండా కొట్టాను. ఫొటోలోంచి కోటు కూడా తీసెయ్యమంది, పానింగ్ తన తెల్ల చొక్కాలోనే ఉంది, కాలరు కత్తిలా నిలబడి ఉంది. నాలుగున్నరకి పంపాం.

శనివారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది, సోమవారం రమ్మని. పానింగ్ ఆ ఫోన్ పట్టుకుని మా కొట్టుకి వచ్చి మెసేజ్ నా ముందు పెట్టింది. నేను ఏడ్చాను, సిగ్గేముంది. అప్పటినుంచి ఎవరొచ్చినా, ఈ ముగ్గుర్నీ అడిగావా అని ముందు అడుగుతున్నాను. ఆశయం గడి ఖాళీగా ఉంచి, నీకేం కావాలో చెప్పు అంటున్నాను. చాలామంది బుర్ర గోక్కుంటారు. క్యూ పెరుగుతుంది, పెరగనీ.

ఆగస్టులో ఒక సాయంత్రం పానింగ్ బస్సు దిగి, గుర్తింపు కార్డు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చింది. ఆసుపత్రి వాళ్లిచ్చిన నీలం చొక్కా వేసుకుంది. ఉతికే గది అడుగు అంతస్తులోనట, కిటికీలు లేవు, ఆరబెట్టే యంత్రాలు గదంత ఉన్నాయట, అక్కడివాళ్లు కాలరు ఇస్త్రీ ఎలా చెయ్యాలో ఈమెని అడుగుతున్నారట. చెబుతూ చెబుతూ మా గుమ్మం దగ్గర నిలిచిన నీళ్లు చూసి ఆగింది.

“ఇవాళ వాన పడిందా అక్కా?”

పదింటినుంచీ ఒకటే పోత, నాలుగింటికి ఆగింది అని చెప్పాను.

“నాకు తెలియనే లేదు,” అంది పానింగ్. ఆ మాట తనకే కొత్తగా ఉన్నట్టు, మళ్లీ ఒకసారి అంది.