కరెంటు పోయిన గంటలు

మా అత్తమ్మ పేరుకే విశ్రాంతమ్మ. ఆమె నోటికి మాత్రం ఏనాడూ విశ్రాంతి లేదు. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ, "ఏందమ్మా నీ ఆఫీసు, పొద్దుకో టైమా? మీ సార్‌కు గడియారం లేదా?" అని ఒకటే సాధింపు.

గడియారం ఉంది. నా కోసమే మా సార్ వెంకటకృష్ణ గారు దాన్ని పక్కన పెట్టారు. మా ఆయన జయరాజ్‌ది కొత్తగూడెంలో బొగ్గు బాయి, అంటే గని, పని. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. మా ఏడాదిన్నర పాప స్తుతి వెనక పరుగెత్తడానికి అత్తమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. అందుకని ఆయన ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడు నేను ఆఫీసుకు పోతాను. అడవి గూడేల ఆరోగ్య సర్వే కాగితాలను కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. వారానికి నలభై గంటలు నిండితే చాలు, ఎప్పుడొస్తావో నీ ఇష్టం అన్నారు సార్.

ఆ లెక్క నేనే పెట్టుకోవాలి. దానికొక ఫైలు. బొమ్మలూ గళ్లూ ఏమీ ఉండవు, ఉత్త అక్షరాలే. తేదీ ముందు ఒక చుక్క గుర్తు, దాని కింద పని మొదలెట్టిన టైము, ఆపిన టైము. ఒక మీట నొక్కితే వారం మొత్తం అదే కూడి చెబుతుంది. నాకు ఆ ఫైలంటే ప్రాణం.

ఆ ఎండాకాలం అదే నన్ను ఏడిపించింది. ఏ వారం చూసినా గంటలు తక్కువే. "ఈ నెల కూడా నిండకపోతే అందరిలాగే పది నుంచి ఐదు వరకు రావాలమ్మా," అన్నారు సార్. పది నుంచి ఐదంటే నాకు ఉద్యోగం లేనట్టే. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. గొడ్డులా పనిచేస్తున్నాను కదా, నా గంటలు ఎటు పోతున్నాయి?

గోంగూర తెంపుతూ కళ్లు తుడుచుకుంటుంటే అత్తమ్మ పట్టేసింది.

"ఏందే, జయరాజ్ ఏమన్న అన్నడా?"

చెప్పకూడదనుకున్నాను. ఉద్యోగం పోతుందంటే సంబరపడుతుందని నా అనుమానం. అయినా కడుపులో దాగలేదు, అంతా చెప్పేశాను.

"పొద్దంత ఆన్నే ఉంటవ్ గదా. గంటలెట్ల తక్కువైతయ్?"

"కరెంటు పోతది అత్తమ్మా. పోంగనే పని ఆపిన్నని రాస్త. వచ్చినంక మళ్ల మొదలు."

"పోయినప్పుడు ఇంటికొస్తున్నవా?"

"లేదు. ఆన్నే కూసోని కాయితాలు వరుస పెట్టుకుంట."

అత్తమ్మ నా పక్కనున్న గోంగూర కట్ట తీసి నేలకేసి కొట్టింది.

"పిచ్చిదానివా? మీ మామ బాయిల దిగి బొగ్గు కాడికి నడిచి పోయేవరకే ఎంతసేపు పట్టేదో ఎరుకేనా? పైన హాజరు పడ్డదంటే షిఫ్టు షురూ అయినట్టే. లోపల మిషన్ ఆగి కూసున్నది గూడ షిఫ్టే. జీతం కోసెటోళ్లు ఎవరన్న ఉంటే వేరే. నీది నువ్వే కోసుకునుడేంది?"

పైసా కూడా అన్యాయంగా ముట్టకూడదని సండే స్కూల్లో నేర్పిన పాఠాన్ని నేను నా గంటల లెక్కకూ అంటగట్టాను మరి.

మర్నాడు ఆ నెల లెక్కంతా ప్రింటు తీసి సార్ ముందు పెట్టాను. చెప్పడం మొదలెట్టగానే ఫ్యాను ఆగిపోయింది. కరెంటు తయారయ్యే ఊరు పక్కనే ఉన్నా మాకు దీపం కింద చీకటే. సార్ అట్ట ముక్కతో విసురుకుంటూ విన్నారు.

"ఈ ఖాళీలన్నీ కరెంటు లేని టైమే సార్. నేనిక్కడే ఉన్న."

ఆయన ఆగిన ఫ్యాను వైపు చూశారు, చేతిలో అట్ట వైపు చూశారు.

"అయితే ఇప్పుడు మనిద్దరం పనిలో లేనట్టా తబితా?" అని నవ్వేశారు. "ఉన్నామమ్మా. ఆ గంటలన్నీ కలిపి రాసుకో. నీ టైము నీ ఇష్టమే."

కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికి పరుగున వచ్చి చెప్పాను. అడగకుండా ఉండలేక అడిగాను కూడా: "నా ఉద్యోగం నీకు ఇష్టం లేదనుకున్న అత్తమ్మా."

"గట్లనిపించిందా?" అంది అత్తమ్మ. "మీ మామ ఇంటికి రాంగనే బాయి ముచ్చట్లన్ని పూసగుచ్చినట్టు చెప్పెటోడు. ఆయన పోయినంక పని ముచ్చట నాకు చెప్పినోళ్లు లేరు. జయరాజ్ తిని పంటడు. నువ్వు చెప్పవు. ఎట్ల అడగాల్నో తెల్వక దెప్పిన."

స్తుతిని ఒళ్లో వేసుకుని ఆమె పక్కనే చతికిలబడి, సార్ గదిలోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచీ మళ్లీ మొదలెట్టాను. అట్ట ముక్క దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ పగలబడి నవ్వింది.

"ఇంకా?" అంది, దగ్గరికి జరుగుతూ.