కలిసొచ్చే చోటు

వెల్లుల్లి పొట్టు తీసుకుందామని సంగీత కుర్చీని వంటింటి గుమ్మం దగ్గరికి లాక్కుంది. అదే ఆమె చేసిన తప్పు. సరిగ్గా అప్పుడే టీవీలో ఆమె భర్త జితేందర్ తన ముందున్న పందెం బిళ్లలన్నీ బల్ల మధ్యకి తోసి, పెద్ద ఆట ఒకటి గెలిచాడు. సోఫాలో కూర్చున్న అత్త కనకవ్వ రెండు చేతులూ పైకెత్తి మొక్కి, ఇల్లంతా ఒకసారి కలియజూసి, కోడలి దగ్గర ఆగింది.

"గా కుర్చీల నుంచి లేవకు బిడ్డా. నువ్వు గాడ కూసున్నంకనే వానికి కలిసొచ్చింది."

"ఇది అరగంట కిందటి ఆట అత్తమ్మా. ఎవరి చేతిలో ఏ ముక్కలున్నయో బయటికి పొక్కకుండా ఆలస్యంగ చూపిస్తరు. నేను కూర్చునే సరికే అక్కడ గెలుసుడు అయిపోయింది."

"నీకన్నీ తెలుసు," అంది కనకవ్వ.

అది గురువారం. గోవాలో జరిగే ఆ పోకర్ టోర్నమెంట్‌కి వెయ్యికి పైగా మంది వచ్చారట. ఈ ఎడారి దేశంలో, రుసైల్ గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా చేసే జితేందర్, రెండేళ్లుగా రాత్రీ పగలూ ఫోన్‌లో ఆ ఆట గురించే చదివి, సెలవు పెట్టి మరీ వెళ్లాడు. ఒక్కో రోజూ జనం ఓడి లేచిపోతుంటే అతను మిగిలాడు. బౌషర్‌లోని ఈ ఫ్లాట్‌లో ఆ ప్లాస్టిక్ కుర్చీ సంగీతకి రెండో డ్యూటీ అయింది. క్లినిక్‌లో నర్సు డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పి, అక్కడ కూర్చోవాలి. వంటింట్లోకి మాత్రం పోవచ్చు, చాయ్ పెట్టాలి కాబట్టి. హాల్లోకి రాకూడదు. వస్తే అదృష్టం చెదిరిపోతుంది. తినేవాళ్ల ప్లేట్లు అందుకోవడానికి వస్తే మటుకు చెదరదు.

శనివారానికి తొమ్మిది మంది మిగిలారు. ఆఖరి బల్ల. జితేందర్‌తో పాటు గోడౌన్‌లో పనిచేసే సమీయుల్లా పొద్దున్నే వచ్చి సోఫాలో చేరాడు. బగారన్నం పొయ్యి మీద ఉంది. సంగీత కుర్చీలో ఉంది. ఆమె హ్యాండ్‌బ్యాగ్ పడకగది తలుపుకి వేలాడుతోంది. మూడింటికి ఆసుపత్రికి వెళ్లాలి.

టీవీలో జితేందర్ ఎదుటివాడి మొహంలోకి చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఆ మనిషి రాయిలా కూర్చున్నాడు. చివరికి జితేందర్ తల అడ్డంగా ఊపి, ఆ ఆట వదులుకుని తన ముక్కలు పక్కకి విసిరేశాడు. అవతలివాడు తన ముక్కలు తిప్పి చూపించాడు. అవే పెద్దవి. ఆడి ఉంటే జితేందర్ మునిగేవాడు. వ్యాఖ్యాత ఇంగ్లీషులో అరుస్తున్నాడు.

"ఏమంటున్నడు సమీ?"

"మనోడు ఎదుటి మనిషి మొహం చూస్తే సాలంటమ్మా, లోపల ఏమున్నదో చెప్పేస్తడంట. గొంతుల గుటక పడ్డా పట్టేస్తడంట."

"చిన్నప్పటి సంది గంతే మా వాడు," అంది కనకవ్వ మురిసిపోతూ.

సంగీతకి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఈ ప్రయాణానికి ముందు ఒకరోజు తను స్నానం చేసి వచ్చి, మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్న ఇతని చెయ్యి తీసుకుని, ఎడమ రొమ్ము పక్కన ఆ గడ్డ మీద పెట్టింది. ఆమె ఎంతో మంది ఆడవాళ్లను ఇలాంటి గడ్డల పరీక్షలకి తయారుచేసి, ఏం కాదమ్మా అని భుజం తట్టి పంపిన మనిషి. ఏది మెత్తగా ఉండాలో, ఏది గట్టిగా ఉండకూడదో వేళ్లకి తెలుసు. తెలిసినందువల్లే భయపడింది. అతను చెయ్యి తీసి మళ్లీ ఫోన్ పట్టుకున్నాడు. "కొవ్వు గడ్డ ఉంటది సంగీ. నర్సువై ఉండి గింత భయమేంది?" అన్నాడు. కళ్లు తెర మీదే ఉన్నాయి. మనిషి ఎప్పుడు అబద్ధమాడుతున్నాడో ఎలా కనిపెట్టాలి అనే పాఠమేదో చూస్తున్నాడు. ఆ తర్వాత స్కాన్, ఆ తర్వాత బయాప్సీ అన్నారు. మొదట ఇచ్చిన తేదీ అతని ప్రయాణానికి అడ్డొచ్చిందని మార్చుకుంది. సూట్‌కేస్ ఎవరు సర్దాలి, కారప్పొడి ఎవరు దంచాలి, అత్తను ఎయిర్‌పోర్టు నుంచి ఎవరు తేవాలి! ఇంతకు ముందు గంట ప్రయాణం దూరంలోని సమాయిల్ క్లినిక్‌లో నర్సు పోస్టు ఉందని, రూమ్ కూడా ఇస్తారని స్నేహితురాలు ఫర్జానా చెప్పినప్పుడూ ఇంతే. "నువ్వాడికి పోతే ఇంట్ల వంటెవరు చేస్తరు?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు ఆమె వెతకాలన్నట్టే అడిగాడు. ఆమె కూడా పిచ్చిదానిలా వెతికింది.

ఆట మధ్య విరామంలో అతను వీడియో కాల్ చేశాడు. కనకవ్వ దిష్టి తీసింది, సమీయుల్లా ఈల వేశాడు. తర్వాత ఫోన్ కుర్చీ దాకా వచ్చింది.

"మూడింటికి బయాప్సీ ఉంది," అంది సంగీత.

"ఇయ్యాలనే పోవాల్నా? ఒకసారి మార్చినం గద, మళ్ల మారుస్తరు. ఇంక ఆరుగురమే ఉన్నం సంగీ. నువ్వాడ్నే కూసుండు. అమ్మకు ధైర్యం, నాక్కూడ."

ఆమె తెరలో అతన్నే చూసింది. అతను ఆమె మొహం చూసి, "నిద్ర సాలనట్టుంది నీకు. చాయ్ తాగు," అన్నాడు. విరామం అయిపోయింది.

సంగీత పొయ్యి ఆపింది. పడకగదిలోకి వెళ్లి బ్యాగ్ భుజానికి తగిలించుకుంది.

"ఏడికి? కూసో! గీ గంటల కొంపలేం మునగవు!" కనకవ్వ లేచి నిలబడింది. "నీకేమన్న మనసున్నదా?"

"వదినా, నేను కార్ల దింపుత," అన్నాడు సమీయుల్లా టీవీ మీంచి చూపు తిప్పకుండానే. "గీ ఒక్క ఆట అయిపోనీ."

"అన్నం దించిన. పెట్టుకుని తినుండ్రి," అని సంగీత బయటికి వచ్చి తలుపు మూసింది. గబగబా మెట్లు దిగింది. ఎండలో నిలబడి టాక్సీ ఆపింది.

పరీక్ష చేసిన డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. సూది లోపలికి వెళ్లి టక్కుమన్న ప్రతిసారీ సంగీత పైకప్పు వైపు చూసింది. ఇన్నాళ్లూ ఇతరులకు చెప్పిన "ఏం కాదమ్మా" అన్న మాట ఎంత పల్చనిదో అప్పుడు తెలిసింది. ఫలితం వారం తర్వాత. బరువులు ఎత్తొద్దు, ఇవాళ రేపు విశ్రాంతి తీసుకో అన్నారు. ఆ మాట వినగానే ఆమెకి సింకులో గిన్నెలు కళ్లముందు కదిలాయి. కదిలినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

బయట ఫర్జానా కూర్చుని ఉంది. టాక్సీలోంచి సంగీత చేసిన ఒక్క ఫోన్‌కి సమాయిల్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చేసింది. కడప మనిషి, మాటలో మొహమాటం ఉండదు.

"ఎట్లుండాది?"

"నొప్పిగ ఉంది."

"ఉండదా మరి," అని బ్యాగ్ అందుకుంది ఫర్జానా. ఆమె అంతకుమించి ఏమీ అడగకపోవడం సంగీతకి ఎంతో హాయిగా అనిపించింది.

"మీ క్లినిక్‌ల ఆ పోస్టు ఇంకా ఖాళీగ ఉందా?"

ఫర్జానా ఆమె మొహంలోకి చూసింది. "ఉండాది. రూమూ ఉండాది. పండుకునేకి ఈ రాత్రికి నా మంచమూ ఉండాది. పా, పోదాం."

లిఫ్ట్ దగ్గర ఫోన్ మోగింది. కనకవ్వ. తిట్లకి సిద్ధపడి ఎత్తింది. అటువైపు గోల, చప్పట్లు.

"సంగీతా! నువ్వు గడప దాటినవో లేదో, వాడు వరుసగ మూడాటలు గెలిచిండే! ఇంక ఇద్దరే మిగిలిన్రు. నువ్వు బయటుంటేనే వానికి కలిసొస్తున్నట్టుంది. నువ్వు ఏడున్నవో ఆడ్నే ఉండు బిడ్డా, ఇప్పుడప్పుడే ఇంటికి రాకు!"

సూది గుచ్చారా, నొప్పుందా, డాక్టరేమంది అని అడుగుతుందేమోనని సంగీత ఒక క్షణం ఆగింది. అడగలేదు. లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. ఫర్జానా చెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంది.

"సరే అత్తమ్మా. రాను."

"రానన్నది సమీ, రానన్నది!" అని కనకవ్వ సంబరంగా అరవడం, సమీయుల్లా ఈల వేయడం ఫోన్‌లో వినిపించాయి.