బావ బిగించిన ఇంజను

రేకుల షెడ్డు తలుపు తీసి అడుగు పెట్టగానే రేఖ కాళ్ల కింద చెక్కపొట్టు కరకరలాడింది. లైటు వేసి చూస్తే ఆమె కడుతున్న రిమోటు విమానానికి ముక్కు లేదు. ఎవరో రంపంతో అడ్డంగా కోసేసి, ఆ మొండెం మీద మందపాటి ప్లైవుడ్ చెక్క కొట్టి, దానికి గడ్డి కోసే మిషను ఇంజను ఒకటి బోల్టులతో బిగించారు. నారింజ రంగు మూత, లాగే తాడు అన్నీ దానికి అట్లాగే ఉన్నాయి.

లింగాల వైపు పత్తిచేలకు డ్రోనుతో మందు కొట్టి అప్పుడే వచ్చింది ఆమె. ఒంటి మీద ఇంకా మందు వాసన. ఎవరు చేశారని అడగాల్సిన పని లేదు. బల్మూరులో ఆ ఇంజన్లు అమ్మేది ఒక్కడే, అక్క సువార్త మొగుడు జయపాల్.

"అమ్మా!"

ఆ అరుపుకు సారమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బావను షెడ్డులకు ఎవరు రానిచ్చిండ్రు?"

"నేనే తాళం ఇచ్చిన. అల్లుడు అడిగితే ఎట్ల ఇయ్యకుంటనే? నీ పనే గద చేసిండు. పొద్దంత ఇక్కడ్నే ఉన్నడు, అన్నం గూడ సరిగ తినలే."

"ముక్కు కోసిండు అమ్మా! నా విమానం ముక్కు కోసి పెట్టిండు!"

"మల్ల అతికిస్తే అతుకుతది. గింతదానికి గట్ల ఒర్రుతవేందే?"

కోసిన ముక్కు మూలన బొగ్గు బస్తా పక్కన పడి ఉంది. రేఖ దాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

ఆ విమానాన్ని ఆమె రెండు వానాకాలాలుగా కడుతోంది. హైదరాబాదులో డిప్లొమా చదివే రోజుల్లో బ్యాటరీతో ఎగిరే చిన్న విమానాలు నేర్చుకుంది. ఇది వాటిలాంటిది కాదు. రెక్కలు బిగిస్తే మంచం కంటే పొడుగు. పెట్రోలుతో ఎగరాల్సింది. ఒళ్లంతా తయారయ్యాక ఇంజను దగ్గర పని ఆగిపోయింది. పెట్రోలు ఇంజను ఆమెకు కొత్త. అడిగిన వాళ్లల్లా తలో మాట చెప్పారు. యాభై సీసీ లేకపోతే దండగన్నారు కొందరు, ఇరవై చాలన్నారు కొందరు. చివరికి ఆమె అందరి మాటలూ పక్కన పెట్టి తన విమానాన్నే ముందు పెట్టుకుని ఆలోచించింది. ఇంజను బరువంటే ఇంజను ఒక్కటే కాదు, సైలెన్సరు, నిప్పురవ్వ పుట్టించే డబ్బా, దాని బ్యాటరీ, అన్నీ కలిసి ముక్కు మీదే పడతాయి. ఇంజను పెద్దదైతే ప్రొపెల్లరు పెద్దది కావాలి, పొట్టి కాళ్ల విమానం కాబట్టి అది నేలకు తగులుతుంది. ఇట్లా ఒక్కొక్కటీ తీసేసుకుంటూ వచ్చి ముప్పైఐదు సీసీ దగ్గర ఆగింది. హైదరాబాదు దుకాణంలో సరుకు లేదు, వచ్చాక పంపుతామన్నారు. ఎదురుచూస్తోంది.

నాన్న పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఏది కొనాలన్నా, ఏది అమ్మాలన్నా జయపాల్ మాటే. ఆమె నడిపే డ్రోను ఏ కంపెనీదో కూడా ఆయనే తేల్చాడు. ఈ ఒక్క ఇంజను మాత్రం రేఖ తనంతట తాను ఎంచుకుంది. ఆ మాట చెప్పిన రోజు ఆయన నవ్వి, "నీకేం తెల్సు పిల్లా ఇంజన్ల గురించి?" అన్నాడు. అప్పుడే తాళం తన దగ్గర పెట్టుకోవాల్సింది.

స్కూటీ తీసి నేరుగా దుకాణానికి పోయింది. జయపాల్ ఎవరికో స్ప్రేయరు చూపిస్తున్నాడు.

"నన్నెందుకు అడగలే బావా?"

"ఏంది, థ్యాంక్స్ చెప్పనీకి వచ్చినవా?" నవ్వాడు. "యాభై రెండు సీసీ! తాడు గుంజితే స్టార్టు, బ్యాటరీ పంచాయితీ లేదు. స్పేరు పార్టులన్నీ నా దగ్గర్నే దొరుకుతయి. తోక దిక్కు సీసం గూడ కట్టిన, బరువు సమానం చేసిన. ఫ్యాను కొంచెం చిన్నది పెట్టిన, నేలకు తగలదు."

"నన్నెందుకు అడగలే అంటున్న."

"అడిగేదేముంది? ఇంట్లోళ్ల పనికి అడుగుతరా?" స్ప్రేయరు కొనేవాడి వైపు తిరిగాడు. "ఐతారం పార్థన అయినంక మా మరదలు ఇమానం ఎగిరేస్తది, నువ్వు గూడ రా. అందరికీ చెప్పిన."

"నేను ఎగిరెయ్య."

"నువ్వు ఎగిరెయ్యకుంటే నేనే ఎగిరేస్త. రిమోటే గద."

ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆయన అన్నంత పనీ చేస్తాడు, విమానాన్ని నేలకు కొట్టి, చెక్క మంచిది కాదంటాడు. అంతకంటే తానే ఎగరేయడం మేలనుకుంది. రాత్రంతా ఆమె ఆయన్ను మనసులో తిడుతూనే ఉంది. తిట్టిన కొద్దీ కొత్త తిట్లు దొరికాయి.

ఆదివారం ఊరి బయట బీడులో జనం పోగయ్యారు. డ్రోను పనిలో ఆమెకు తోడుండే రాకేష్ తోక పట్టుకున్నాడు. జయపాల్ చర్చికి వేసుకున్న తెల్లచొక్కాతోనే తాడు గుంజాడు. ఇంజను రెండో లాగుకే అందుకుంది. బీడంతా హోరెత్తింది.

"అక్కా, వద్దంటే ఇప్పుడే బంద్ చేస్త," అన్నాడు రాకేష్ చెవి దగ్గరకొచ్చి.

"వదిలెయ్ తోక."

రేఖ రిమోటు పట్టుకుంది. లోపల ఎక్కడో, విమానం ఎగరకూడదనే కోరుకుంది. అది ఎగిరింది. బరువుకు కాస్త మొండికేసింది గాని, ఎర్రమట్టి వదిలి తుమ్మచెట్ల మీదుగా లేచి, గుట్ట వైపు తిరిగి, తలల మీదుగా గర్జిస్తూ పోయింది. జనం కేకలు పెట్టారు. బోల్టు ఊడలేదు, రెక్క విరగలేదు. ఆయన చెప్పినట్టే నడిచింది.

"చూసినవా? నీ ముప్పైఐదు ఏందో, నీ లెక్కలేందో!" అన్నాడు జయపాల్ అందరికీ వినబడేలా. వాళ్లు ఆయన భుజాలు తట్టారు. ఆమెను ఎవరూ చూడలేదు, చేతిలో రిమోటు ఉన్నా.

విమానం వేగంగా దిగి చాలా దూరం ఉరికి ఆగింది. రేఖ దాని దగ్గరికి నడిచిపోయి, ఇంజను చల్లారే దాకా అక్కడే నిలబడి, జేబులోంచి అల్లెన్ కీ తీసి మట్టిలో కూర్చుంది. మొదటి బోల్టు ఊడేసరికి జనం చుట్టూ చేరారు.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు జయపాల్.

ఆమె నాలుగూ ఊడదీసి, ఇంకా వెచ్చగా ఉన్న ఇంజనును తువ్వాలతో పట్టుకుని ఆయన తెల్లచొక్కాకు ఆనించింది. నూనె మరక పడింది.

"ఇది నీది. తీస్కపో."

"మంచిగ ఎగిరింది గద! పిచ్చి లేసిందా నీకు?"

"ఎగిరింది. మంచిగనే ఎగిరింది. అయినా నా ఇమానం మీద రంపం పెట్టనీకి నువ్వెవరు?"

"నేనెవర్నా? మీ నాయిన పోతే ఇల్లు నిలబెట్టినోన్ని!"

"ఇల్లు నిలబెట్టినవ్, కాదనను. అందుకని నా చేతులు నీయి కావు."

సువార్త వచ్చి చెల్లెలి జబ్బ పట్టుకుంది. "అందరి ముందర ఇజ్జత్ తీస్తవా? మా ఆయన కాళ్లు మొక్కు, తప్పైందను."

"నా ముక్కు కోసినప్పుడు నువ్వెక్కడున్నవ్ అక్కా?"

సువార్త చెయ్యి వదిలేసింది. జయపాల్ ఇంజను చంకన పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా బండి దగ్గరికి పోయాడు.

ఆ తర్వాత ఇంట్లో సారమ్మ కూతురితో సరిగా మాట్లాడలేదు. పళ్లెం టక్కున పెట్టి పోయేది. అల్లుడు ఇంటి మొహం చూడటం మానేశాడు. రేఖ ముక్కు మళ్లీ కొత్తగా కట్టింది. పాత అతుకు మీద ఇసుక కాగితం రుద్దుతుంటే కోపం మళ్లీ మళ్లీ వచ్చేది, రుద్దుడు ఆగేది కాదు.

ముప్పైఐదు సీసీ ఇంజను వచ్చిన రోజు దాన్ని షెడ్డు ముందు బల్లకు బిగించి, ప్రొపెల్లరు చేత్తో తిప్పింది. అది అందుకోలేదు. చోక్ వేసి తిప్పింది, తీసి తిప్పింది. పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసింది. తుడిచి మళ్లీ మొదలుపెట్టింది. భుజం నొప్పి పుట్టింది. బావది రెండు లాగులకే అందుకుందని గుర్తొచ్చి పళ్లు కొరికింది. చివరికి దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, సన్నగా గుర్రుమంటూ నిలబడింది.

ఆ చప్పుడుకే వచ్చాడో, సారమ్మ కబురు పెట్టిందో, గేటు దగ్గర జయపాల్ నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. ఇంజను వైపు తల వంచి కాసేపు విన్నాడు.

"మూత తియ్య గాని, ఒకసారి చూడొచ్చా?" అన్నాడు మొదటిసారిగా అడుగుతూ.

రేఖ ఇంజను ఆపలేదు, నవ్వనూ లేదు.

"చూడు," అంది. "చెయ్యి మాత్రం పెట్టకు."