పేక తెగిన చోటు నుంచి

వజ్రమ్మకు ఒక జబ్బు ఉంది. డాక్టర్లు పేరు పెట్టిన జబ్బు కాదు. ఎక్కడ ఎర్ర దీపం కనిపించినా ఆమె చేయి దానంతట అదే స్విచ్చు మీదికి పోతుంది. సూరత్ ఖటోదరాలో సేఠ్ కార్ఖానాలో ఇరవై రెండేళ్లు సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపిన చేయి అది. పోగు తెగగానే సాంచ నెత్తిన ఎర్ర దీపం వెలుగుతుంది. సాంచను ఆపడానికి లోపల ఒక ఎలక్ట్రానిక్ కార్డు ఉంటుంది గానీ, కార్డును నమ్ముకుని కూర్చున్న నేతగాడు బాగుపడిన దాఖలా లేదు. దీపం వెలగడం, చేయి పడటం ఒకేసారి జరగాలి. ఒకసారి పక్కింటి వాళ్లు తాళంచెవి ఇచ్చి ఊరెళ్లినప్పుడు వాళ్ల ఫ్రిజ్‌కు ఎర్ర దీపం వెలుగుతోందని ఆర్పేసి వచ్చింది. వాళ్ల పాలు విరిగిపోయాయి, నెల రోజులు మాటలు కూడా విరిగాయి.

ఆ ఏడు మార్చిలో కరోనా వచ్చి సూరత్‌లో సాంచలన్నీ ఆగిపోయాయి. మూడు నెలల తర్వాత తాళం తీసి చూస్తే, వజ్రమ్మ నడిపే నాలుగు సాంచలూ, ఆమె భర్త నర్సింగం నడిపే నాలుగూ కదల్లేదు. తేమకు కార్డులన్నీ తుప్పు పట్టాయి. ఆ కార్డులు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. సేఠ్ మంచివాడే, కానీ వ్యాపారి. సోమవారం పొద్దున తుక్కు టెంపో వస్తుందని ఫోనులో చెప్పాడు. అంతలోపు ఒక్క సాంచనైనా కొత్త కార్డుతో నడిపి చూపిస్తే ఎనిమిదింటినీ ఉంచుతానన్నాడు. సాంచలు పోతే భార్యాభర్తలిద్దరికీ పని పోయినట్టే. ఆ రోజుల్లో ఏ కార్ఖానాలో చూసినా ఉన్నవాళ్లనే పంపేస్తున్నారు.

"మన సిరిసిల్లకు పోదాం తియ్" అన్నాడు నర్సింగం గోడకు ఆనుకుని.

"ఆడ మన కోసం ఎవరు సాంచ పట్టుకొని నిలబడ్డరు?" అన్నది వజ్రమ్మ.

ఆశ ఏదైనా ఉంటే అది కూతురు నీరజ దగ్గరే ఉంది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తి చేసిన పిల్ల. చచ్చిపోయిన కార్డును విప్పి, ప్రతి తీగా ఎటు పోతుందో రాసి, ఫోటోలు తీసి, పైఅంతస్తులో ఉండి లాక్‌డౌన్‌కు వరంగల్ వెళ్లిపోయిన ఇంజనీరు వరప్రసాద్‌కు పంపింది. అతను తన ఆఫీసు లాప్‌టాప్‌లో కొత్త కార్డు నక్షా గీసి ఫోనుకు పంపాడు. పంపిన మర్నాడే ఆఫీసు వాళ్లు అతన్నీ తీసేశారు, లాప్‌టాప్‌నూ తీసుకుపోయారు. ఆ నక్షాలో రిలే అనే స్విచ్చు భాగానికి గీసిన కాళ్లు సూరత్‌లో దొరికే రిలేకు సరిపోవు. అదొక్కటి మార్చి పంపితే, సూరత్ పక్కనున్న సచిన్‌లో కార్డులు చేసే దుకాణం వాడు ఒక్క రోజులో చేసిస్తానన్నాడు. శనివారం సాయంత్రానికి ఫైలు తన చేతిలో ఉండాలన్నాడు.

అయితే నీరజ కంప్యూటరు ఆ ఫైలును తెరవనంది. అది గీసింది కొత్త సాఫ్ట్‌వేర్‌లో, ఈమె దగ్గర ఉన్నది పాతది. కొత్తదాన్ని తెచ్చి పెడదామంటే ఈ ముసలి కంప్యూటరుకు తగ్గట్టు తయారుచేసింది ఎక్కడా దొరకలేదు. ఇంకొకరి ఇంటికి పోయి పని చేసుకుందామంటే వాళ్లుండే ఉన్ బస్తీలో కరోనా కేసులు వచ్చాయని వాళ్ల గల్లీకి రెండు వైపులా వెదురు బొంగులు కట్టేశారు. ఆదివారం పొద్దున దాకా పిల్లి కూడా బయటికి పోవడానికి లేదు.

"మరేం చేస్తవ్ బిడ్డా?" అని అడిగింది వజ్రమ్మ గురువారం పొద్దున.

"ఆ సాఫ్ట్‌వేర్ రాసినోళ్లు దాని అసలు రాత మొత్తం అందరికీ ఫ్రీగా ఇచ్చిన్రమ్మా. తెచ్చుకొని మన కంప్యూటర్‌ల మనమే తయారు చేసుకోవచ్చు. జర టైం పడ్తది."

వజ్రమ్మ ఆ మాటను తన లెక్కలోకి మార్చుకుంది. "అంటే పడుగు, పేక వాళ్లిస్తరు. బట్ట మనమే నేసుకోవాలె."

"గంతే."

ఊరూపేరూ తెలియని మనుషులు తమ పని దారాలన్నీ బజార్లో పెట్టి తీసుకుపొమ్మంటారా అని వజ్రమ్మకు నమ్మకం కుదరలేదు. సూరత్‌లో విరిగిన దారపు కండె కూడా ఎవరూ ఊరికే ఇవ్వరు. అయినా వాళ్లెవరో చల్లగా ఉండాలని మనసులో అనుకున్నది.

నీరజ పని మొదలుపెట్టింది. తెర మీద అక్షరాల వరసలు కిందినుంచి పైకి పాకుతూ, పక్కన నూటికి ఎంత అయిందో అంకె కనిపిస్తోంది. శుక్రవారం పొద్దున లేచి చూస్తే నలభై దగ్గర కంప్యూటరు బిగుసుకుపోయి ఉంది. మౌస్ కదల్లేదు, ఏదీ కదల్లేదు. ఏదైనా తేడా వస్తే చేసిందంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టమని ఇంటర్నెట్‌లో ఎవరో రాశారట. ఆ పిల్ల అలాగే చెరిపేసింది.

"ఎందుకాగింది?"

"జల్దీ అయితదని ఒక్కసారే నాలుగు పనులు చెయ్యమన్న. దాని తాకత్ చాలలే."

"మొదటి రోజు వచ్చినోనికి నాలుగు సాంచలు ఎవరిస్తరే? ఒకటియ్యి. అది నడిపిస్తే చాలు."

నీరజ నవ్వి, ఒకేసారి ఒక్క పనే చెయ్యమని చెప్పింది. ఈసారి కంప్యూటరు ఎక్కడా ఆగలేదు. నత్తనడకే అయినా నడుస్తూనే ఉంది. నర్సింగం దానికి ఎండ తగలకుండా కిటికీకి దుప్పటి కట్టి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాడు. ఊరికి పోదామన్నవాడు అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. శనివారం పొద్దున టీ తాగే వేళకు ఎనభై మూడుకు వచ్చింది.

నీరజ స్నానానికి వెళ్లింది. నర్సింగం పాలకోసం బొంగుల దగ్గర వరసలో నిలబడ్డాడు. వజ్రమ్మ గది ఊడుస్తూ తెర వైపు చూసింది. అప్పటిదాకా తెల్లగా పోతున్న అక్షరాల మధ్య ఉన్నట్టుండి ఎర్రగా కనిపించే వరసలు వచ్చాయి. ఒకటి కాదు, పది, ఇరవై. ఎరుపో ఊదానో అని చూసేంత తీరిక చేతికి ఎక్కడిది? పోగు తెగింది, బట్ట పాడవుతోంది. చేయి వెళ్లింది, గోడ మీది స్విచ్చు పడింది, తెర నల్లబడింది.

చీపురు కింద పడ్డాక గానీ తానేం చేసిందో ఆమెకు తెలియలేదు.

తల తుడుచుకుంటూ వచ్చిన నీరజ నల్లటి తెరను చూసింది, అమ్మ మొహం చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది. నేల మీద కూర్చుని, "అది ఎర్రర్ కాదమ్మా. ఊదా రంగుల వచ్చేది వార్నింగ్. ఖాలీ చెప్తదంతే. ఆగే పని లేదు" అంది మెల్లగా.

అంటే అది అత్తగారి సణుగుడు లాంటిదన్నమాట, విని ఊరుకోవాల్సింది. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది. ఇరవై రెండేళ్లు అన్నం పెట్టిన చేయి ఇవాళ ఆ అన్నంలోనే మన్ను పోసిందని వజ్రమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మల్ల మొదటి నుంచి అంటే రేపు పొద్దు కూకుతది. దుకాణపోడు ఆగడు" అంటూ నీరజ కంప్యూటరు ఆన్ చేసింది. చేసిందంతా చెరిపేయడానికి మళ్లీ వేళ్లు మీటల మీద పెట్టింది.

"ఆగు" అన్నది వజ్రమ్మ. "ఎనభై మూడు నేసినం గదా. ఆ బట్ట ఏడ పోయింది?"

"పోలే. డిస్క్‌ల ఉన్నది."

"మరి పోగు తెగినప్పుడల్లా నేసిన తానంతా కోసి పారేస్తమా? గట్ల చేస్తే సేఠ్ మనల్ని ఒక్కరోజు ఉంచుతుండెనా? తెగిన కాడ అందుకొని నడిపియ్యాలె."

నీరజ చేయి ఆగింది. చెరిపేయకుండా, అదే పనిని మళ్లీ చెయ్యమని చెప్పి చూసింది. అంకెలు గబగబా పరుగెత్తాయి. పది, ముప్పై, అరవై, ఎనభై. అయిన పనిని అయినట్టే వదిలేస్తూ ఎనభై మూడు దగ్గరికి వచ్చి నిదానించాయి. పాల గిన్నెతో వచ్చిన నర్సింగానికి ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. కొన్ని సంగతులు మగవాళ్లకు పని అయ్యాక చెబితేనే మేలు.

కానీ తొంభై దాటాక ఆగింది. ఈసారి నిజంగానే ఆగింది. ఏదో ఒక ఫైలు సగంలో తెగి ఉందని రాసింది. నీరజ తల పట్టుకుంది.

"తెగిన పేక గుంజినవా?" అని అడిగింది వజ్రమ్మ.

"ఏంది?"

"సాంచ ఆగినప్పుడు ఆఖరి పేక సగమే పడి ఉంటది. దాన్ని గుంజి పారేసి, మళ్ల నిండు పేక వేసి నడిపియ్యాలె. సగం పేక మీదనే నడిపిస్తే బట్టల గీత పడ్తది. నేను స్విచ్చు బంద్ చేసినప్పుడు అది చేస్తున్న పని ఏదో, ఆ ఒక్కటి సగమే అయ్యుంటది. చూడు."

నీరజ ఫైళ్లను టైం ప్రకారం వరసగా పెట్టి చూసింది. పొద్దున ఎనిమిదీ పన్నెండుకు, వజ్రమ్మ స్విచ్చు ఆపిన నిమిషంలోనే పుట్టిన ఫైలు ఒకటి ఉంది. పేరుంది, లోపల ఉండాల్సింది పూర్తిగా లేదు. ఆ ఒక్కదాన్ని చెరిపేసి మళ్లీ నడిపింది. కంప్యూటరు దాన్ని కొత్తగా చేసుకుని ముందుకు సాగింది.

నాలుగు గంటలకు నూరు అయింది. వరప్రసాద్ పంపిన నక్షా తెర మీద తెరుచుకుంది. ఆకుపచ్చ గీతలు, ఎర్ర గీతలు. ఎర్ర గీతలను చూడగానే వజ్రమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. నీరజ రిలే కాళ్లు మార్చి, రెండుసార్లు సరిచూసి, ఐదున్నరకు ఫైలు సచిన్‌కు పంపింది. ఆదివారం పొద్దున బొంగులు విప్పారు. సాయంత్రానికి కార్డు చేతికొచ్చింది, రాత్రి భోజనం వేళ దాకా నీరజ దాని మీద భాగాలు అతికించింది.

సోమవారం కార్ఖానా గేటు ముందు తుక్కు టెంపో ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. సేఠ్ మాస్కు గడ్డం కిందికి లాగి చూస్తున్నాడు. నీరజ కార్డు బిగించింది. వజ్రమ్మ మీట లాగింది. మూడు నెలల తర్వాత ఆ సాంచ చప్పుడు వినగానే నర్సింగం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నడవడం ఏ సాంచైనా నడుస్తుంది. ఆగుతుందా?" అన్నాడు సేఠ్ హిందీలో. ముప్పై ఏళ్ల వ్యాపారం అడిగించిన ప్రశ్న అది, తప్పు పట్టడానికి లేదు.

వజ్రమ్మ బొడ్లోంచి చిన్న కత్తెర తీసి, నడుస్తున్న సాంచలో పేకను కత్తిరించింది. ఎర్ర దీపం వెలిగింది. ఎంత వద్దనుకున్నా చేయి స్విచ్చు మీదికి వెళ్లనే వెళ్లింది. వెళ్లేసరికి చప్పుడు లేదు.

"నాకన్న ముందే ఆగింది" అన్నది వజ్రమ్మ, చేయి ఇంకా స్విచ్చు మీదే ఉండగా.

సేఠ్ గేటు వైపు తిరిగి, టెంపో వాణ్ణి పొమ్మని చేయి ఊపాడు. వజ్రమ్మ సగం పడిన పేకను వేలితో గుంజి పారేసి, నిండు పేక వేసి, మీట లాగింది.