మూడో టంకం

దశరథ నోట "బంద్ చెయ్" అన్న మాట రాక ఏడాదిన్నర దాటింది. నల్లగొండ పల్లెల పుట్టి, ఇరవై ఏండ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌ల కాలిపోయిన మోటర్లకు కొత్త చుట్టలు చుట్టే మనిషి, స్విచ్ తియ్యమనాల్నంటే "ఆపు" అంటడు. పక్క చాయ్ దుకాణం బక్కయ్య ఊకుంటడా?

"ఏందన్నా, బయట తెలంగాణ వచ్చేటట్టున్నది, నీ నోట్లెకేమో ఆంధ్రా వచ్చె!"

దశరథ తల వంచి తీగ చుట్టుకుంట పోతడు.

సమ్మెకు బస్సులు నిలిచిపోయిన ఆ నెలల, ఒకనాడు పొద్దుగాల వనస్థలిపురం నుంచి ఆటోల బిందుమాధవి వచ్చింది. ఒళ్లో కొంగు కప్పిన చిన్న బండి. పిల్లలాడే బొమ్మ కాదది. రిమోట్ పట్టుకొని నొక్కితే లావు టైర్లతోని బండరాళ్ల మీదికి పాకుతది. ఆమె పెనిమిటి పట్టాభి మోజుపడి చేసుకున్నది. గుడివాడ దిక్కు మనిషి, ఈ దుకాణంల దశరథకు సగం పాలుదారు. గుండె ఆగిపోయి తొమ్మిది నెలలైంది. ఆయన కూసున్న స్టూలు ఇంకా దుకాణం మూలకే ఉన్నది. దాని మీద ఎవ్వరు కూసోరు.

"నాలుగడుగులు పోయి ఆగిపోతుందండీ అన్నయ్యగారూ. అక్కడే వణుకుతుంది. చక్రం మీద వేలు పెడితే మళ్లీ కదుల్తుంది. ఆయన చేతి కోసం చూస్తున్నట్టుంది. పారెయ్యలేను, ఇంట్లో ఉంచుకోలేను."

దశరథ బండిని అందుకొని బల్ల మీద పెట్టిండు. ఆ బండి ఆఖరుసారి ఈ బల్ల మీదనే ఉండె.

ఏడాదిన్నర కింద, ఆ రోజు బంద్. షట్టర్ సగం దించి లోపల పని చేస్తున్నరు. ఒక మూల పట్టాభి ఈ చిన్న మోటర్‌కు చుట్ట చుడుతున్నడు. ఇంకో మూల బోరు మోటర్ పరీక్షకు తిరుగుతున్నది. రోడ్డు మీద "బంద్, బంద్" అని జనం కేకలు. బోరు మోటర్ నుంచి పొగ లేసింది. స్విచ్ పట్టాభి పక్కన. దశరథ చేతుల నిండ తీగలు. "పట్టాభీ, బంద్ చెయ్!" అని ఒర్లిండు.

పట్టాభి స్విచ్ తీసిండు. ఒక్క ఘడియ దశరథ మొకం చూసిండు. మోటర్‌ను బండిల బిగించి, సంకల పెట్టుకొని, వంగి, షట్టర్ కింది నుంచి పోయిండు. మల్ల రాలే.

లొల్లికి భయపడి పోయిండా, తన మాటకు నొచ్చుకొని పోయిండా? అది తెల్వకనే దశరథకు నిద్ర పట్టది. అడుగుదామని పోలే. వాడే వస్తడు తియ్యి, అనుకున్నడు. ఆఖరుకు పోయింది పాడె కాడికి.

ఇప్పుడు దశరథ బండి బ్యాటరీ మార్చి చూసిండు. అదే వణుకు. రిమోట్ మాట వినే డబ్బాను పక్కకు పెట్టి, మోటర్ తీగలు సీదా బ్యాటరీకి తగిలించిండు. అదే వణుకు. అంటే తప్పు రేడియోది కాదు, మోటర్‌దే. ఇరుసును వేలితోని మెల్లగ తిప్పిండు. ఒక్క తావుల పలుకు లేదు. మూడు చుట్టల మోటర్‌ల ఒకటి మూగదైతే అంతే. ఆడ ఆగిందంటే, ఎవరన్న చెయ్యి పెడితేనే లేస్తది.

విప్పిండు. రెండు చుట్టల కొసలకు తీగను అతికే టంకం జొన్నగింజల తీరు తళతళ మెరుస్తున్నది. మూడో కొస ఉత్తగ చుట్టి ఇడిసినట్టున్నది. టంకం లేదు.

దశరథ ఆ కొసను వేలితోని తడిమిండు. ఒకపారి పోలీసులు లాఠీలతోని గల్లీలకు ఉరికొస్తే, పట్టాభి అతుకు ఆరినంకనే తలెత్తిండు. భయానికి పని సగంల ఇడిసే మనిషి కాదు.

"ఏమైందండీ?"

మోటర్ లోపలి బొగ్గు అరిగింది అని చిన్న అబద్ధం ఆడితే అయిపోతుండె. నాలుక దాకా వచ్చింది.

"ఇది ఆయన లేసిపోయిన తావు, చెల్లె. నేనే లేపిన. పొగొచ్చిన బోరు మోటర్ బంద్ చెయ్యమన్న. దుకాణం కాదు, మనిషిని కాదు."

బిందుమాధవి ఆ మూడో కొస మీద వేలు పెట్టింది.

"ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఒక్కటే మాటన్నారు. 'దశరథ కూడా బంద్ చెయ్యమన్నాడే' అని." వేలు తీసింది. "మర్నాడు మీరొచ్చి ఈ ముక్క చెప్పుంటే, నవ్వేసేవారు."

దశరథ మూడో కొసను గీకి శుభ్రం చేసిండు. టంకం పెట్టిండు. పొగ సన్నగ లేసి, ఖాళీ స్టూలు దిక్కు పోయింది.

బిగించి, నేల మీద పెట్టి, రిమోట్ నొక్కిండు. బండి ఆగలే. పాత ఇనుము కుప్ప ఎక్కింది, దిగింది, సీదా మూలకు పోయింది. స్టూలు కాలుకు ఆనుకొని ఎక్కుదామని చూస్తున్నది.

"చాలు. బంద్ చెయ్యండి అన్నయ్యగారూ," అన్నది ఆమె, దశరథ ఇడిసిపెట్టిన మాటనే.

రిమోట్ మీది నుంచి దశరథ బొటనవేలు లేవలే. స్టూలు కిర్రుమని జానెడు ఎనకకు జరిగింది, ఎవరో అప్పుడే లేసినట్టు.