కొలతకు నిలబడిన మనిషి

ఆ రోజు ప్రసూన సంచి నేనే సర్దాను. లాప్‌టాప్ పక్కన ఇంత చోటు కనిపిస్తే వేయించిన శెనక్కాయల పొట్లం, రెండు సజ్జరొట్టెలు దూర్చాను. బస్సు ఒంటిగంటకు. నాకు మాత్రం పొద్దుటి నుంచే కాలు నిలవలేదు. నా చేత్తో సంచి సర్ది పంపినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ.

ప్రసూనది గుంతకల్లు, రైల్వే ఉద్యోగి కూతురు. అప్పటికి తొమ్మిదేళ్ల కిందట ఎమ్మెస్సీ చదువుతూ, హగరి ఏటి ఒడ్డున మా చేలమీదికి జరిగొస్తున్న ఇసుక దిబ్బను చూడటానికి వచ్చింది. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో ఇసుక ఎంత మేర పరుచుకుందో ఆమె చూసేది. ఎత్తు మాత్రం ఇక్కడికొచ్చి కొలవాలి. మొదటిరోజే కొలకర్ర బస్సులో మరచిపోయింది.

"అవ్వా, దిబ్బ పక్కన నిలబడుకో. ఫోటో తీసి, నీ ఎత్తును బట్టి లెక్క కట్టుకుంటా" అంది.

నన్ను గోడకానించి టేపు పెట్టింది. నాలుగడుగుల పదకొండు అంగుళాలు. ఆ తర్వాత ఇక కర్ర తేలేదు. పాత ఫోటోలతో పోల్చాలంటే నేనే ఉండాలంది. అనంతపురం కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీలో చేరాక కూడా ప్రతి మే నెలలో వచ్చి, నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉండేది.

ఆ ఏడు పీహెచ్‌డీ పుస్తకం రాయడం ముగిసింది, ఫోటోలకు మాత్రం ఏటా వస్తానంది. ముందురోజు సాయంత్రం ఫోటోలన్నీ వరసగా చూపించి, దిబ్బ ఎంత పెరిగిందో చెప్పి మురిసిపోయింది. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. రెండేళ్లుగా నేను చీర ఒక మడత ఎక్కువ దోపుకుంటున్నాను, లేకపోతే కాళ్లకు అడ్డం పడుతుంది. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినదాన్నే అయినా, నేను కుంగినకొద్దీ దిబ్బ పెరిగినట్టు కనబడుతుందని నాకు తెలుసు. చెబితే ఈ పిల్లకు ఇక నాతో పనుండదు. చెప్పకపోతే ఆ పుస్తకంలో తప్పు నా రూపంలో నిలబడి ఉంటుంది.

సంచి జిప్పు వేసి, "పాపా, నన్నొకసారి కొల్చు" అన్నాను.

"ఏమవ్వా, పెండ్లిచూపులకు పోతాండావా?"

"నవ్వింది చాల్లే. కొల్చు."

టేపు చూడగానే ఆమె నవ్వు ఆగింది. నాలుగడుగుల తొమ్మిది.

"యాడ పోయినాయవ్వా రెండంగుళాలు?"

"ముసిలిదాన్నైతి గదా. ఎప్పుడు తగ్గినానో నాకూ తెలీదు."

మంచం మీద కూలబడి, సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఫోటోలు ఒక్కొక్కటే మళ్లీ చూసుకుంది.

"నీ సదువు చెడగొడితినా పాపా?"

"లేదులే. గైడు సార్ ముందర నవ్వులపాలు కాకుండా చేసినావు." నా చేయి తన చేతుల్లోకి తీసుకుంది. "దిబ్బ పెరిగింది నిజమే, నేను రాసినంత కాదు. లెక్క మళ్లా కడతా. ఇంక కర్ర పెట్టాల్సిందే."

"పెట్టుకో. కర్రకు నడుము వంగదు."

అప్పుడు నవ్వింది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

నెల తిరక్కుండా మనుషుల్ని పంపి దిబ్బ పక్కన గీతలున్న ఇనుప కంబి పాతించింది. మా వీధి వీరేష్ ఏటేటా దాని ఫోటో తీసి ఫోన్లో పంపుతాడు. పీహెచ్‌డీ పట్టా వచ్చిందని నాకు ఫోన్ చేసింది. ఉత్తరాదిన ఉద్యోగం వచ్చిందని మరోసారి చేసింది. నాకు సంతోషమే అయింది.

ప్రసూన మా ఊరికి చివరిసారి వచ్చింది ఆ 2022 మే నెలలోనే. ఆ తర్వాత రాలేదు.